కూత ఆపాక: ఒక కబడ్డీ రైడర్ కోచ్‌గా మారిన కేసు

పేరు తెచ్చుకున్న ఆటగాడి చేతికి విజిల్ ఇచ్చి, ఒక పాతికమంది పిల్లల్ని అప్పజెప్పేస్తే కోచ్ అయిపోతాడని మన గోదావరి జిల్లాల్లో చాలా అకాడమీలు నమ్ముతాయి. ఇది అలా అప్పజెప్పిన ఒక కేసు. ఆటగాడు మంచివాడు, ఆట బాగా తెలిసినవాడు, పిల్లలంటే ఇష్టం ఉన్నవాడు. అయినా మొదట్లో ఏదీ కుదరలేదు. ఎందుకు కుదరలేదో, తర్వాత ఏం మార్చామో, ఏది ఇప్పటికీ మారలేదో రాస్తున్నాను. కొత్తగా కోచింగ్‌లోకి వచ్చేవాళ్లకీ, వాళ్లని పెట్టుకునే అకాడమీలకీ పనికొస్తుందని.

నేను డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఆటల మాస్టారిని. కబడ్డీలో ఎన్.ఐ.ఎస్. (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా చేశాను. ఆట మానేసి కోచింగ్‌కి వచ్చేవాళ్లకి మొదటి ఏడాది పక్కన ఉండి సాయం చేయడం కొన్నేళ్లుగా నా రెండో పని. ఇందులో అతని పేరు, ఊరు, ఆడిన జట్లు రాయడం లేదు. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. రాసింది అతను చదివి సరేనన్నాడు. ఇక్కడ అతన్ని రైడర్ (కూతకెళ్లేవాడు) అనే అంటాను.

నేపథ్యం

వసిష్ఠ పాయ పక్కన లంక గ్రామం. వరద రోజుల్లో బడికి పడవ మీద పోవాల్సిన ఊరు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు సున్నంతో గీతలు గీసి ఆడించిన కబడ్డీతో మొదలు. ఇంటర్‌కి వచ్చేసరికి జిల్లా జట్టు, ఆ పైన రాష్ట్ర జూనియర్ జట్టు, తర్వాత ఒక ప్రభుత్వ విభాగం జట్టులో కాంట్రాక్టు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైన కొన్నేళ్లకి అందులో చోటు దొరికింది. ఎడమ వైపు నుంచి కూతకెళ్లేవాడు. ఎత్తు తక్కువ, అడుగులో వేగం ఎక్కువ. ఎదుటి కోర్టు లోపలుండే బోనస్ గీత దాటించి అదనపు పాయింటు కోసం కాలు పెట్టి, కార్నర్ (కోర్టు మూల కాచే డిఫెండర్) లేచేలోపు వెనక్కి జారిపోవడంలో దిట్ట.

కుడి మోకాలు దెబ్బతిన్నప్పుడు అతన్ని ఎవరూ తాకలేదు. చేత్తో పాయింటు తీసుకుని మధ్య గీత వైపు ఒక్కసారిగా తిరిగాడు. షూ మ్యాట్‌కి పట్టేసింది. తొడ తిరిగింది, పాదం తిరగలేదు. ఏ.సి.ఎల్. తెగింది. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి పడకుండా ఆపే లిగమెంట్ అది. ఎదుటివాడు గుద్దితేనే తెగుతుందని మనవాళ్లు అనుకుంటారు గాని, ఒంటికాలి మీద దిశ మార్చేటప్పుడు, దూకి దిగేటప్పుడు తనంతట తాను తెగడమే ఎక్కువ. తొడ వెనక కండరం తాడు నుంచి గ్రాఫ్ట్ తీసి ఆపరేషన్ చేశారు. మామూలుగా తొమ్మిది నెలలు నిండకుండా పోటీ ఆటకి పంపరు. సీజన్ ముంచుకొస్తోందని ఇతను ఏడో నెలలోనే మ్యాట్ ఎక్కాడు. ఆ సీజన్ ఎలాగో గడిచింది. మరుసటి ఏడు అదే మోకాల్లో మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్తటి మృదులాస్థి) చిరిగింది. ఆ తర్వాతి వేలంలో అతన్ని ఎవరూ పాడలేదు. వయసు ముప్పై దాటింది.

లీగ్ డబ్బుతో ఊళ్లో డాబా వేశాడు, చెల్లి పెళ్లి చేశాడు. మిగిలింది కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువులో పెట్టాడు. వైట్ స్పాట్ తెగులు వచ్చి ఒక పంట మొత్తం పోయింది. కాబట్టి అమలాపురం వైపు ఉన్న ఒక అకాడమీ నెల జీతం మీద కోచ్‌గా రమ్మన్నప్పుడు ఆలోచించుకునే వెసులుబాటు అతనికి లేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. ఆట వదిలి కోచింగ్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇష్టపడి రారు, వేరే దారిలేక వస్తారు. అది తప్పేం కాదు. కాకపోతే మొదటి ఏడాది వాళ్ల మనసు సగం ఇంకా మ్యాట్ మీదే ఉంటుంది.

నేను చూసింది

అకాడమీ అంటే రేకుల షెడ్డు, లోపల ఒక మ్యాట్ కోర్టు, బయట ఒక మట్టి కోర్టు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు, మగపిల్లలూ ఆడపిల్లలూ. సగానికి పైగా లంకల నుంచీ, చెరువుల మీద పనిచేసే ఇళ్ల నుంచీ వచ్చినవాళ్లు. కొందరు పిల్లలు మానేశారనీ, ఆడిన టోర్నమెంట్లన్నీ మొదటి రౌండ్లోనే పోతున్నాయనీ యాజమాన్యం నన్ను పిలిచింది. పిలిచినవాళ్ల అనుమానం అతను సరిగ్గా పని చేయడం లేదని. పని ఎక్కువే చేస్తున్నాడు. పొద్దున్న ఐదున్నరకే షెడ్డు తలుపు తీసేది అతనే.

నేను గోడవార కుర్చీ వేసుకుని కొన్ని సాయంత్రాలు ఊరికే చూశాను. అన్నిటికంటే ముందు కనిపించింది, ప్రతిదీ చేసి చూపించడం. "ఇటు చూడండ్రా, ఇలా" అంటాడు, టో టచ్ (కాలి వేళ్లతో ఎదుటివాణ్ణి తాకడం) కొడతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. అతని మోకాలు సాయంత్రానికి వాస్తుంది. పిల్లలకి వచ్చింది అతని ఆఖరి భంగిమ ఒక్కటే. కాలు ఎంత చాచాలో చూశారు. ఎప్పుడు చాచాలో చూడలేదు, ఎందుకంటే అది కంటికి కనిపించేది కాదు.

తర్వాతిది అరుపు. పిల్లవాడు కూతలో ఉన్నంతసేపూ బయటి నుంచి "లోపలికెళ్లు, కుడి, కుడి, వచ్చేయ్" అని ఒకటే కేక. రైడ్‌కి ఉన్నది 30 సెకన్లు. అందులో మూడు నాలుగుసార్లు పిల్లలు మెడ తిప్పి అతని వైపు చూస్తున్నారు. కవర్ (కార్నర్లకి లోపలి వైపు నిలబడే డిఫెండర్) డాష్ కొట్టడానికి, అంటే ఒంటితో గుద్ది బయటికి నెట్టడానికి, అంతకంటే మంచి సమయం ఇంకోటి దొరకదు.

అసలు నష్టం ఇంకో చోట జరుగుతోంది. దొరికిపోయి వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాడు. దాంతో వాళ్లు దొరక్కుండా ఉండే ఆట మొదలుపెట్టారు. బాక్ లైన్ (రైడ్ చెల్లాలంటే దాటాల్సిన గీత) దాటి, గాలిలో రెండు చేతులు ఊపి వచ్చేయడం. ఖాళీ రైడ్. మళ్లీ ఖాళీ రైడ్. వరసగా రెండు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడర్ ఔట్. ఎదుటి జట్టుకి కూడా ఆ లెక్క తెలుసు కాబట్టి మూడో రైడ్‌కి కార్నర్లు కాచుకుని కూర్చుంటారు. పిల్లవాడు టెన్షన్‌తో వెళ్తాడు, దొరుకుతాడు, తిట్లు తింటాడు. తిట్టుకి భయపడి ఆడిన ఆటే మళ్లీ తిట్టు తెస్తోంది. ఓడిపోయిన మ్యాచ్‌ల స్కోర్ షీట్లు తీసి చూస్తే వాళ్ల రైడర్లు ఎక్కువగా ఔటైంది డూ ఆర్ డైలలోనే.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక, కార్నర్లు వేసే యాంకిల్ హోల్డ్ (రైడర్ చీలమండ పట్టడం) గురించి అడిగాను. "కార్నర్ యాంకిల్‌కి వస్తున్నాడని నీకెలా తెలుస్తుందయ్యా?"

కాసేపు ఆలోచించాడు. "అదెలా చెప్తామండి మాస్టారు. తెలిసిపోద్దండి, అంతే."

కేసు మొత్తం ఆ జవాబులో ఉంది. పదిహేనేళ్ల ఆటలో అతని కళ్లూ కాళ్లూ నేర్చుకున్నది అతనికి మాటల్లో అందదు. తనకి తేలిగ్గా తెలిసేది వీళ్లకెందుకు తెలియదో అర్థంకాక, బద్ధకం అనుకుంటున్నాడు. బద్ధకం అనుకుంటే తిట్టడమే మందుగా కనిపిస్తుంది.

మంచు మీది ఆట నుంచి

ఇలాంటి కేసుల్లో నేను ఐస్ హాకీ వైపు చూస్తాను. కోనసీమలో ఐస్ అంటే పుల్ల ఐసేగా అని మా కాలేజీలో ఎగతాళి చేస్తారు. కాని ఒంటికి ఒళ్లు తగిలే ఆట, ముక్కాలు నిమిషం చొప్పున మంచు మీదికెళ్లి గుక్కతిప్పుకోకుండా ఆడి వచ్చేయాల్సిన ఆట. మన కూతకి బాగా దగ్గర. పైగా అక్కడి ప్రధాన లీగ్ ఎన్.హెచ్.ఎల్. 1917 నుంచీ ఉంది. ఆటగాళ్లు కోచ్‌లైన కథలు నూరేళ్లవి దొరుకుతాయి.

వేన్ గ్రెట్స్కీ సంగతి చూడండి. 894 గోల్స్ కొట్టినవాడు, ఆ ఆటలో అతని కంటే పెద్ద పేరు లేదు. అంతకుముందు ఎక్కడా కోచ్‌గా పనిచేయకుండానే 2005లో నేరుగా ఫీనిక్స్ జట్టుకి హెడ్ కోచ్ అయ్యాడు. నాలుగు సీజన్లలో ఒక్కసారీ జట్టు ప్లేఆఫ్‌కి చేరలేదు. జట్టు బలహీనమైంది కూడా, తప్పంతా అతని మీద వేయలేం. అయినా తనకు కనిపించే ఆట ఎదుటివాడికి కనిపించకపోతే గొప్ప ఆటగాడు ఎంత నిస్సహాయుడో తెలుస్తుంది.

టో బ్లేక్ ఇంకో రకం. మాంట్రియల్ కెనేడియన్స్‌లో మారిస్ రిచర్డ్ పక్కన ఆడిన ఫార్వర్డ్. 1948 జనవరిలో కాలు విరిగి ఎన్.హెచ్.ఎల్. ఆట ముగిసింది. వెంటనే పెద్ద జట్టు పిలవలేదు. చిన్న లీగుల్లో కోచ్‌గా ఏడేళ్లు తిరిగాడు, వ్యాలీఫీల్డ్ లాంటి చిన్న ఊళ్ల జట్లతో. 1955లో మాంట్రియల్ పగ్గాలిచ్చారు. పదమూడు సీజన్లలో ఎనిమిది స్టాన్లీ కప్పులు (ఆ లీగ్ విజేతకిచ్చే కప్పు). ఆ రికార్డు దాటినవాడు స్కాటీ బోమన్, తొమ్మిది కప్పులు. బోమన్ జూనియర్ స్థాయిలోనే తలకి దెబ్బ తగిలి ఆట చాలించినవాడు, ఎన్.హెచ్.ఎల్.లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మన ఆటలో మన్‌ప్రీత్ సింగ్ ఉన్నాడు. 2016లో ప్రో కబడ్డీలో పట్నా పైరేట్స్‌కి కెప్టెన్‌గా టైటిల్ తెచ్చాడు. కోచ్‌గా గుజరాత్‌ని రెండుసార్లు, హర్యానాని ఒకసారి ఫైనల్‌దాకా తీసుకెళ్లి ఓడిపోయాడు. హర్యానా స్టీలర్స్‌తో కోచ్‌గా టైటిల్ చేతికొచ్చేసరికి 2024 డిసెంబర్. మధ్యలో ఎనిమిదేళ్లు దాటాయి.

రైడర్‌కి ఇవన్నీ చెప్పాను. గ్రెట్స్కీ కథ అతన్ని పెద్దగా కదిలించలేదు. బ్లేక్ దగ్గర ఆగాడు. "ఏడేళ్లు చిన్న ఊళ్లలోనాండి?" అని రెండుసార్లు అడిగాడు. అకాడమీని తన పతనంగా కాకుండా పని నేర్చుకునే చోటుగా చూడడం ఆ తర్వాతే మొదలైందని నా అంచనా. అంచనా మాత్రమే.

తెలిసినదాన్ని బయటికి తీయడం

మొదటి పని పిల్లలతో కాదు, అతనితో. అతను లీగ్‌లో ఆడిన పాత రైడ్‌ల వీడియోలు ల్యాప్‌టాప్‌లో పెట్టాను. టచ్‌కి సరిగ్గా ముందు ఆపేవాణ్ణి. "ఇప్పుడు నీ కళ్లెక్కడున్నాయి?" మొదట్లో జవాబులు లేవు. "ఏమోనండి, అన్నీ చూస్తాం కదండి." మెల్లగా ముందుకి, మెల్లగా వెనక్కి. నాలుగైదు రైడ్‌లు అయ్యాక అతనే ఒకచోట తెర మీద వేలు పెట్టాడు. కార్నర్ వెనక కాలి మడమ. అది నేల నుంచి లేచిందంటే బరువు ముందుకొచ్చేసింది, ఇక వాడు వెనక్కి తగ్గలేడు, డైవ్ కొట్టాల్సిందే. చేతులు అబద్ధం చెప్తాయి. మంచి కార్నర్ చేతులు ఊపుతూనే ఉంటాడు, మడమ మాత్రం ఎత్తడు.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ వచ్చాయి. చెయ్యి చెయ్యి పట్టుకుని గొలుసుగా కదిలే కవర్లు ఆ పట్టు వదిలారంటే ఎవరో ఒకరు డాష్‌కి వస్తున్నారు. కవర్ భుజం లాబీ (కోర్టు పక్క అంచు పట్టీ) వైపు తిరిగితే బయటికి నెట్టే ఆలోచన. తను గాలి పీల్చుకోడానికి మధ్య గీత దగ్గర ఎందుకు ఒక అర సెకను ఆగేవాడో కూడా అతనికి తెర మీద చూసుకున్నాకే తెలిసింది. మామూలుగా మితంగా మాట్లాడే మనిషి, ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఇంకో మూడు చెప్పాడు.

వీటిని పిల్లల దగ్గరికి చేర్చడానికి ఒక డ్రిల్ తయారుచేశాం. రైడర్ పిల్లవాడు బాక్ లైన్ దగ్గర నిలబడతాడు, కదలడు. కార్నర్ మూడింటిలో ఒకటి చేస్తాడు: ఊరికే చేతులు ఊపడం, అడుగు ముందుకేసి వెనక్కి రావడం, నిజంగా యాంకిల్‌కి బయల్దేరడం. నిలబడ్డవాడి పని ఏది జరగబోతోందో నోటితో చెప్పడం. తాకడం లేదు, పాయింట్లు లేవు, కాబట్టి తిట్లూ లేవు. అది కుదిరాక అదే పని కూత పెడుతూ చేయాలి. "కబడ్డీ కబడ్డీ" అంటూ నోరు పనిలో ఉంటుంది కాబట్టి చెయ్యెత్తి చూపించాలి. ఇక్కడ చాలామంది తడబడ్డారు, కూత ఆగిపోయేది. కూత మీద ధ్యాస పెట్టకుండా కూత పెట్టడం వేరే చదువు. ఆ తర్వాతే అడుగులు.

ఇదే సమయంలో ఒక షరతు పెట్టాను. కొన్నాళ్లు అతను ఏదీ చేసి చూపించకూడదు. చూపించాల్సి వస్తే పిల్లల్లో ఒకరితో చేయించాలి, తను పక్కన నిలబడి మాటల్లో చెప్పాలి. మోకాలు చూసే ఫిజియో కూడా ఇదే అన్నారు, వేరే కారణంతో. అతనికి ఇది చేతులు కట్టేసినట్టు అనిపించింది. ఒక సీనియర్ అమ్మాయి చేత టో టచ్ చేయించడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల సందేహాలు అడుగుతుంది: "మడమ లేచిందని తెలిశాక ఎంతసేపు ఆగాలండి సార్?" అంతవరకూ అతన్ని ఎవరూ ప్రశ్న అడగలేదు. లీగ్‌లో టీవీలో కనిపించిన మనిషిని ఏమని అడుగుతారు?

మట్టి, మ్యాట్, మోకాళ్లు

డెల్టాలో కబడ్డీ పిల్లలకి ఉన్న ఒక సమస్య గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. మన పిల్లలు ఇసుకలోనో ఒండ్రు మట్టిలోనో చెప్పుల్లేని కాళ్లతో నేర్చుకుంటారు. మట్టి జారుతుంది. తిరిగేటప్పుడు పాదం కూడా కాస్త తిరుగుతుంది, మోకాలికి ఆ వెసులుబాటు దొరుకుతుంది. జులై వచ్చేసరికి మట్టి కోర్టు నీళ్లలో ఉంటుంది, ఆటంతా షెడ్డులోకి మారుతుంది. మ్యాట్ మీద రబ్బరు షూతో పాదం ఎక్కడ పెడితే అక్కడే అతుక్కుంటుంది. మట్టి మీద అలవాటైన మలుపు అక్కడ కొడితే మెలి మొత్తం మోకాలు మీద పడుతుంది. ఆడపిల్లల్లో ఏ.సి.ఎల్. తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువని ఇప్పటికే బాగా తేలిన విషయం.

కాబట్టి మ్యాట్‌కి మారే మొదటి వారాల్లో పూర్తి వేగం రైడ్‌లు వద్దన్నాం. వార్మప్‌లో ఒంటికాలి మీద దిగడం, మోకాలు లోపలికి వాలకుండా ఆపడం, చిన్న చిన్న అడుగులతో తిరగడం చేర్చాం. ఇది పిల్లలకి విసుగు. రైడర్ ఒకరోజు ప్యాంటు పైకి మడిచి మోకాలు మీది కుట్లు చూపించాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి వార్మప్ ఎగ్గొట్టేవాళ్లు తగ్గారు.

ముప్పై సెకన్ల మాట

ఐస్ హాకీ కోచ్‌కి ఆట నడుస్తుండగానే చేతినిండా పని. ఎవరు దిగాలి, ఎవరు రావాలి అని నిమిషానికోసారి మారుస్తూ ఉంటాడు. కబడ్డీ కోచ్‌కి ఉన్నది టైమౌట్లు, ఒక సగంలో రెండు, ఒక్కోటి 30 సెకన్లు. రైడర్ ఆ 30 సెకన్లలో జట్టు మొత్తం చరిత్ర చెప్పేవాడు.

ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో టైమౌట్ అయిన వెంటనే నలుగురు పిల్లల్ని విడివిడిగా అడిగాను, కోచ్ ఏం చెప్పారని. నాలుగు వేరువేరు జవాబులు. ఒకడైతే "గట్టిగా ఆడమన్నారండి" అన్నాడు. ఆ జవాబులు అతనికి చదివి వినిపించాను. మొహం మాడింది గాని వాదించలేదు.

తర్వాత నుంచి టైమౌట్‌లో రెండే విషయాలు: తర్వాత కూతకెళ్లేది ఎవరు, వాడు చూడాల్సింది ఎవర్ని. డిఫెన్స్ గురించి అయితే ముందుకెళ్లి పట్టాలా, ఆగి పట్టాలా, అంతే. లోపల ముగ్గురే మిగిలితే సూపర్ టాకిల్‌కి (అప్పుడు రైడర్‌ని పట్టేయడానికి) అదనపు పాయింటు ఉందని గుర్తుచేయడం. మిగతావన్నీ మ్యాచ్ అయ్యాక. ఇందులో అతను త్వరగా కుదురుకున్నాడు. కేకలు మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇప్పటికీ దగ్గరి మ్యాచ్‌లో లేచి నిలబడతాడు.

చెరువు కాపలా కుర్రాడు

ఎడమ కార్నర్ ఆడే కుర్రాడొకడు పొద్దున ప్రాక్టీసుకి కళ్లు మూసుకుపోతూ వచ్చేవాడు. రైడర్ దృష్టిలో వాడు నంబర్ వన్ సోమరి. వాడి ఇంటికి ఒకసారి వెళ్లి రమ్మన్నాను. నాన్న లేడు, వాడు మేనమామతో కలిసి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. నిద్ర అంటే ఆ మధ్యలో దొరికింది. చెరువు పోగొట్టుకున్నవాడు కాబట్టి రైడర్‌కి ఇది వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడికి సాయంత్రం బ్యాచ్ ఇచ్చాడు. ఇప్పుడు జట్టులో నమ్మకమైన కార్నర్ వాడే.

సంక్రాంతి

అన్నీ సాఫీగా సాగుతున్నాయని అనుకుంటుండగా పండగ వచ్చింది. కనుమ రోజు అతని ఊళ్లో కబడ్డీ టోర్నమెంట్. ఊరి మొగలో అతని ఫ్లెక్సీ. అకాడమీ పిల్లల్ని ఒక జట్టుగా దింపి, తను బెంచీ మీద కూర్చోవాలని అనుకున్నాం. సెమీఫైనల్ దాకా అలాగే జరిగింది. ఫైనల్‌కి ముందు ఊరి పెద్దలు, బావలు, చిన్ననాటి స్నేహితులు చుట్టుముట్టారు. "ఏరా అల్లుడూ, ఇంత దూరం వచ్చి కూర్చుంటావా? జనం నీ కోసం కదరా వచ్చింది."

దిగాడు. అకాడమీ జెర్సీ వేసుకునే దిగాడు. కూతకెళ్లిన ప్రతిసారీ పాయింటు. కప్పు వచ్చింది. ఈలలు, డప్పులు. మర్నాటికి మోకాలు కుండలా వాచింది, రెండు వారాలు మెట్లెక్కలేకపోయాడు.

మోకాలు సంగతి సరే. నన్ను కలవరపెట్టింది పిల్లలు. పండగ తర్వాత ప్రాక్టీసులో ప్రతి ఒక్కడూ అతను ఫైనల్లో వేసిన డుబ్కీ (డిఫెండర్ల చేతుల కింద నుంచి వంగి దూసుకుపోవడం) వేయబోతున్నాడు. మడమ చూసేవాడు లేడు. ఇన్నాళ్ల డ్రిల్ ఒక్క సాయంత్రంలో పక్కకి పోయింది. అతను కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని అది చూశాడు. లేవలేడు కాబట్టి నోటితోనే మొదటి నుంచి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు వారాల్లో అతని మాట బాగా పదునెక్కింది. ఏదీ చేసి చూపించలేని పరిస్థితి నా షరతు కంటే బాగా పనిచేసింది.

ఆడినందుకు నేనేమీ అనలేదు. ఆ ఊళ్లో ఆ రోజు కూర్చోవడం ఎవరికైనా కష్టమే. పండగలకి పిల్లల్ని వేరే ఊరి టోర్నమెంట్‌కి తీసుకెళ్లాలని అకాడమీకి మాత్రం రాసిచ్చాను.

డిఫెన్స్

రైడర్లు కోచ్‌లైతే డిఫెన్స్ అనాథ అవుతుంది. ఇది ఈ ఒక్క కేసులో చూసింది కాదు. కూత వాళ్లకి వ్యక్తి ఆట, టాకిల్ మాత్రం నలుగురు ఒకేసారి కదలాల్సిన పని. యాంకిల్ హోల్డ్ పడ్డ క్షణంలో కవర్ వచ్చి మీద పడకపోతే రైడర్ ఈడ్చుకుంటూ మధ్య గీత తాకేస్తాడు, ఒకరు పట్టబోయి ముగ్గురు ఔటవుతారు. మా పిల్లలకి అదే అయ్యేది.

పాలకొల్లు వైపు చేపల మేత దుకాణం పెట్టుకున్న పాత కార్నర్ ఆటగాడు ఒకాయన ఉన్నాడు. ఇతనికంటే పదేళ్లు పెద్ద, లీగ్ రాకముందు తరం. వారానికి కొన్ని రోజులు ఆయన్ని రప్పిద్దామని రైడరే అడిగాడు. ఈ కేసు మొత్తంలో అతను తనంతట తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం అదే. ఆయన వచ్చాక షెడ్డులో వాదనలు మొదలయ్యాయి. రైడర్ మడమ గురించి చెప్తుంటే ఆయన నవ్వి, "మేం ఆ మడమని కావాలని ఎత్తి కూడా చూపిస్తామయ్యా, నువ్వు పడతావని" అన్నాడు. రైడర్ ఆ సాయంత్రమంతా ఆయనతో మ్యాట్ మీదే కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ చేరి విన్నారు. నేను చూసిన మంచి క్లాసుల్లో అదొకటి.

ఇప్పటి పరిస్థితి

ఏడాది చివరికి ఇద్దరు పిల్లలు రాష్ట్ర జూనియర్ సెలక్షన్ క్యాంపుకి వెళ్లారు, ఒకరు ఆ టో టచ్ అమ్మాయి. మగపిల్లల జట్టు ఇంకా పెద్ద టోర్నమెంట్లలో క్వార్టర్స్ దాటలేదు. డూ ఆర్ డైలకి ముందే పాయింటు కోసం ప్రయత్నించడం స్పష్టంగా పెరిగింది, స్కోర్ షీట్లలో కనిపిస్తుంది. మానేసిన పిల్లల్లో ఒకడు తిరిగొచ్చాడు. మిగతావాళ్లు రాలేదు.

అతని చేతిలో సర్టిఫికెట్ లేదు. ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకి లీగ్‌లో ఆడిన పేరు ఒక్కటే చాలదు. అందుకని ఎన్.ఐ.ఎస్. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకి దరఖాస్తు పెట్టించాను. ఏడాది డిప్లొమా అయితే ఇంకా మంచిది గాని, ఏడాది జీతం లేకుండా ఆ ఇల్లు గడవదు. అతను వెళ్లిన ఆరు వారాలు పాలకొల్లు ఆయన పిల్లల్ని చూస్తానన్నాడు.

వచ్చే సీజన్ నుంచి రెండు జట్లూ పూర్తిగా రైడర్ చేతికే ఇచ్చి, ఆయన్ని మాన్పించేద్దామని యాజమాన్యం అనుకుంటోంది, ఖర్చు తగ్గుతుందని. నా అభిప్రాయం అడిగారు. వద్దని రాశాను. ఆడపిల్లల జట్టుకి రైడర్‌ని హెడ్ కోచ్‌గా పెట్టండి, మగపిల్లల డిఫెన్స్ ఇంకో ఏడాది ఆయన దగ్గరే ఉంచండి, డబ్బు చాలకపోతే నా గౌరవ వేతనంలోంచి తీసుకోండి అన్నాను. జవాబు ఇంకా రాలేదు.